నిగ్లే బడిని కదలనివ్వని లుడ్వీన

నిగ్లే లోయలో పనిచేసే నర్సు ఎవరైనా సరే, ఆడైనా మగైనా, మొట్టమొదట సూది గుచ్చింది లుడ్వీన జబ్బకే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె తన చేతిని అలా పిల్లలకి అప్పగించి కూర్చుంటోంది. రోగి కాదు, పంతులమ్మ కాదు. మిషన్ ఆసుపత్రిని ఆనుకుని ఉన్న నర్సుల బడిలో వంటామె.

బడికి ఒకే ఒక్క రబ్బరు బొమ్మ ఉండేది. దాని చెయ్యి ఎలకలు కొరికేశాయి. కొత్త బొమ్మ కావాలని రాసిన కాయితాలు పట్నం వెళ్లి అక్కడే ముసలివైపోయాయి. ఈలోగా పిల్లలు బొప్పాయి కాయలకి సూదులు గుచ్చి నేర్చుకునేవారు. బొప్పాయి కాయ అరవదు, చెయ్యి లాక్కోదు, తిట్టదు. అందుకే మొదటిసారి నిజం మనిషి ముందు నిలబడేసరికి సగం మందికి వేళ్లు వణికేవి. ఒకరోజు ఓ పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. చిలగడదుంపల చెక్కు తీస్తున్న లుడ్వీన కత్తి పక్కన పెట్టింది. వదులు జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచింది.

"ఇదిగో, ఇక్కడ గుచ్చు. పొయ్యి మీద కుండ ఉంది, తొందరగా కానీ."

ఆ పిల్ల ఉప్పునీళ్లు ఎక్కించింది. లుడ్వీన రెప్ప కూడా వెయ్యలేదు. "అయిపోయిందా? ఈ మాత్రానికా ఇంత ఏడుపు?" అని మళ్లీ కత్తి అందుకుంది. ఆ యేడాది నుంచి మార్చి నెలలో కొత్త పిల్లలందరూ వంటింటి ముందు వరస కట్టడం బడిలో ఆచారమైపోయింది. గుచ్చిన ప్రతివాళ్లకీ ఆమె ఒక మాట చెప్పి పంపేది. "నీ చెయ్యి మెత్తన, నువ్వు పసిపిల్లల దగ్గర ఉండు." "నీకు కోపం ఎక్కువరా అబ్బాయ్, సూది కంటే ముందు నీ మొహం గుచ్చుకుంది." పరీక్షల్లో తాము వేసే మార్కులూ ఆమె మాటలూ ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తాయని ప్రిన్సిపాల్ స్కొలాస్తిక నవ్వుతూ చెప్పేది.

ఇంత ఎందుకు చేస్తావని అడిగితే లుడ్వీన పెద్దగా చెప్పదు. ఆమెకి ఒక అక్క ఉండేది, అపొలోన. పైలోయలో ఇచ్చారు. కాన్పు అడ్డం తిరిగితే మోత మంచం మీద రెండు రోజులు మోసుకొచ్చారు, ఏరు దాటకముందే పోయింది. బడి లేని రోజులు అవి. "ఇప్పుడు పైలోయలో పదకొండు మందుల గుడిసెలున్నాయి. పదకొండింట్లోనూ మా పిల్లలే," అని మాత్రం అంటుంది. అక్క మాట అక్కడితో ఆపేసి, "దుంపలు ఉడికాయో లేదో చూడు" అంటుంది.

ఇరవై ఎనిమిదో యేడు మే నెల చివర పట్నం ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ స్కొలాస్తిక అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టి చదివింది. పొడుగాటి మనిషి, ఎప్పుడూ నిటారుగా నిలబడేది, ఆ రోజు మాత్రం బల్ల మీద చెయ్యి ఆనించుకుంది. బడ్జెట్లో కోత పడిందట. నిగ్లే నర్సుల బడిని పట్నం కాలేజీలో విలీనం చేస్తున్నారట. మంచాలు, కాన్పు బల్ల, బొమ్మ, పుస్తకాలు లారీలో వెళ్లిపోతాయి. పిల్లలు కావాలంటే పట్నంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"విలీనం అంటే?" అని వంటింటి కిటికీలోంచి అడిగింది లుడ్వీన.

"కలుపుకోవడం అమ్మా."

"పిల్లి ఎలకని కలుపుకున్నట్టా?"

పిల్లలు నవ్వారు, వెంటనే ఆపేశారు. ఆ గదిలో ఉన్న అరవై మందిలో పట్నం వెళ్లి చదవగలిగేవాళ్లు పది మంది కూడా లేరని అందరికీ తెలుసు. పైలోయ ఆడపిల్లల్ని అయితే ఇంట్లోవాళ్లు అంత దూరం పంపరు. ఆ పిల్లలు చదవకపోతే ఆ పదకొండు గుడిసెల్లోకి పట్నం నుంచి ఎవరూ రారు. వచ్చినవాళ్లు మూడో నెలలో చలి అని, దారి లేదని వెళ్లిపోయారు, లోగడ చూసిందే.

పిల్లల్ని పంపేశాక స్కొలాస్తిక వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. "ఒక్క దారి ఉందమ్మా. వచ్చేవారం కాక ఆపైవారం, మంగళవారం, రాజధాని మోర్స్‌బీ నుంచి నర్సుల కౌన్సిల్ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఇది ముందే వేసుకున్న తేదీ. వాళ్లు వచ్చేసరికి సామానంతా ఉంటే బడికి గుర్తింపు ఇస్తారు. గుర్తింపున్న బడిని పట్నం ఆఫీసు ఇంత తేలిగ్గా మూయలేదు. సామాను లేకపోతే మాత్రం పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కడం మన జన్మలో చూడం."

"అంటే మంగళవారం దాకా మంచాలు కదలకూడదు."

"అంతే."

"అంతేనా? నేనింకా ఏదో పెద్ద చదువు కావాలేమో అనుకున్నా." లుడ్వీన చేతులు కడుక్కుంది. "వచ్చే శుక్రవారం నాడు లోయల వాళ్లందర్నీ రమ్మందాం. ఆ ఉత్తరం పంపిన పట్నం ఆఫీసరు కోంబ్రిని కూడా రమ్మను. అందరి ముందూ నిలబడి, మీ బడి మాకొద్దు అని ఆ నోటితో అనమందాం."

స్కొలాస్తిక అన్ని ఊళ్లకీ ఉత్తరాలు రాస్తానంది. లుడ్వీన ఆమెని జాలిగా చూసింది.

"నీ ఉత్తరం పైలోయ చేరేసరికి నీకూ నాకూ మనవలు పుడతారు. తంగెట్ కట్టి పంపుతా."

తంగెట్ అంటే ఆ కొండల్లో ప్రతి గట్టు మీదా పెరిగే ఎర్రాకు మొక్క. పొలాల హద్దుకి అదే, పండక్కి కట్టుకునేదీ అదే, పిలుపుకీ అదే. ఆకుని సన్నగా చీల్చి, ఎన్ని రోజుల తర్వాత రావాలో అన్ని ముడులు వేసి పంపుతారు. అందుకున్నవాళ్లు రోజుకో ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పే రోజుకి వచ్చి చేరతారు. ఉత్తరం చింపి పొయ్యిలో వేసినవాళ్లున్నారు గాని, తంగెట్ అందుకుని రానివాడు ఆ కొండల్లో ఇంతవరకు పుట్టలేదు.

శనివారం పొద్దున లుడ్వీన గట్టు మీంచి చేతికందినన్ని ఆకులు కోసుకొచ్చి, ఒక్కో ఆకుకీ ఆరేసి ముడులు వేసింది. ఆసుపత్రికి వచ్చి తిరిగెళ్తున్న వాళ్ల చేతుల్లో పెట్టింది. సాయంత్రానికల్లా కిందిలోయ నుంచి పైలోయ దాకా ముడులు చేరాయి. స్కొలాస్తిక మటుకు మర్యాద తప్పకూడదని ఆఫీసరు కోంబ్రికి ఉత్తరం రాసి పంపింది: శుక్రవారం నాడు ప్రజలు సమావేశమవుతున్నారు, దయచేసి విచ్చేయండి.

ఆ సంగతి తెలిసి లుడ్వీన నెత్తి కొట్టుకుంది. "దొంగకి మన తలుపు ఏ రోజు మూసి ఉంటుందో రాసి పంపావే తల్లీ!"

"పిలవకపోతే ఎలా అమ్మా? మొన్న నువ్వే కదా రమ్మనమన్నావు?"

"పిలవమన్నాను. రోజు చెప్పమన్నానా?"

ఆమె భయమే నిజమైంది. గురువారం పొద్దెక్కాక, పిల్లలు క్లాసులో ఉండగా, వంతెన అవతల లారీ మోత వినిపించింది. లుడ్వీన గరిటె పట్టుకునే గేటు దాకా పరుగెత్తింది. శుక్రవారం అనుకున్న జనం శుక్రవారమే వస్తారు. ఈ రోజు గేటు దగ్గర తనూ, కాపలా మనిషీ, ఒక కుక్కా ఉన్నారు. కుక్క కూడా ముసలిది.

గేటు బయట చూసి ఆమె అలాగే నిలబడిపోయింది.

రోడ్డు నిండా మనుషులు. ఎనభై, తొంభై మంది ఉంటారు. ఆడవాళ్ల నుదుటి మీంచి వేలాడే బిలుం సంచుల్లో దుంపలు, పసిపిల్లలు. మగవాళ్ల భుజాల మీద గొడ్డళ్లు, ఒకడి చేతిలో తాడు, దానికి కట్టిన పంది. అందరూ రాత్రి వానకి తడిసిన ఒంటితో రోడ్డు మీదే చతికిలబడి కాళ్లు చాచుకున్నారు. పైలోయవాళ్లు. వాళ్ల పెద్ద గండే, చనిపోయిన అపొలోనకి మరిది, వక్క నములుతూ లేచి వచ్చాడు.

"ఏం వదినా, ముడులు కట్టి పిలిచి, పొయ్యిలో నిప్పు కూడా వెయ్యలేదేంటి?"

"పిలిచింది రేపటికి! ఈ రోజెందుకొచ్చారు?"

గండే బిలుంలోంచి వాడిపోయిన ఆకు తీసి చూపించాడు. ముడి ఒక్కటీ లేదు. "శనివారం సాయంత్రం అందింది. అందుకున్నాక ఒకటి విప్పాను. ఇవాళ్టితో ఆరు."

"అందిన రోజు ఎవరైనా విప్పుతారా? మర్నాడు పొద్దున్న కదా మొదలెట్టేది!"

"అది మీ కిందిలోయ వాళ్ల బద్ధకం. మా దగ్గర పిలుపు చేతిలో పడగానే రోజు మొదలైనట్టే."

"ఇన్నేళ్లుగా పైలోయకి పిల్లనిచ్చి ఏం లాభం, మీకు లెక్క రాదు," అని తిడుతూనే లుడ్వీన అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తప్పు లెక్కే గాని వచ్చారు. చాలు. లేవకండి. ఎవరూ లేవకండి. కాళ్లు అలాగే చాచుకుని ఉండండి."

లారీ వంతెన దాటి వచ్చి, చాచిన కాళ్లకి పది అడుగుల దూరంలో ఆగింది. ముందు సీట్లో ఆఫీసరు కోంబ్రి, ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకి వేలాడే గుర్తింపు కార్డు. స్టీరింగు దగ్గర ఒంబా. గండే అతన్ని చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఒంబా మొహం మాత్రం పాలిపోయింది. గండే కూతుర్ని చేసుకుంది ఒంబానే. పిల్లనిచ్చినవాళ్ల ముందు గొంతు పెంచకూడదు, కూర్చున్నవాళ్ల కాళ్లు దాటకూడదు. ఆ కొండల్లో అల్లుడికి పోలీసు కంటే మామగారంటేనే భయం.

"అల్లుడూ, దిగు, దిగు. ఎండలో వచ్చావు, దుంప తిను," అని పిలిచాడు గండే.

"ఇంజన్ ఆపకు," అన్నాడు కోంబ్రి. "హారన్ కొట్టు."

ఒంబా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "సార్, మా మామగారు సార్."

"అయితే?"

"మామగారికి హారన్ కొడతానా సార్?"

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. ఒక ముసలామె అరిచింది: "పాపం, పిల్లాణ్ణి బెదిరించకయ్యా! మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇలాగే చెమటలు పట్టాయి వాడికి!"

కోంబ్రి తానే దిగాడు. బూట్లు బురదలో కూరుకుపోయాయి. చాచిన కాళ్లని చూసుకుంటూ, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక, అక్కడే నిలబడి జేబులోంచి కాయితం తీశాడు. అతనూ ఈ కొండల మనిషే. కాళ్లు దాటడం అతని వల్ల కూడా కాలేదు.

"లుడ్వీనమ్మా, ఇదంతా నీ పనేనని నాకు తెలుసు. నీకు వంట అప్పగించారు, రాజకీయాలు కాదు. లోపలున్న సామాను ప్రభుత్వానిది."

"ఏది బాబూ ప్రభుత్వానిది? చెప్పు, ఒక్కొక్కటీ చెప్పు, నేనూ తెలుసుకుంటా."

"మంచాలు."

"మా ఆయన కోసిన మాను. ఆయన పోయి తొమ్మిదేళ్లు, మంచం ఒక్కటి కిర్రుమనలేదు. ఇంకోటి?"

"పుస్తకాలు."

"మిషన్ ఫాదర్ చనిపోతూ ఇచ్చినవి. ఇంకోటి?"

"కాన్పు బల్ల. అదైతే ప్రభుత్వం కొన్నదే. రసీదు ఉంది నా దగ్గర."

లుడ్వీన మొదటిసారి తల ఊపింది. "నిజమే. అది మీదే. విమానాల మైదానం దాకా తెచ్చి అక్కడ పడేసి వెళ్లిపోయారు, గుర్తుందా? అప్పటికి రోడ్డు లేదు. ఇనప బల్ల, దున్నపోతంత బరువు. మూడు రోజులు మోసుకొచ్చారు. ఎవరు మోసుకొచ్చారు?"

గండే లేచి చొక్కా భుజం పక్కకి లాగి చూపించాడు. అతని వెనక ఇంకో ముగ్గురు ముసలివాళ్లు లేచారు. ఎవరి భుజం వాళ్లు తడుముకున్నారు.

"తీసుకెళ్లాలంటే వచ్చిన దారినే తీసుకెళ్లు బాబూ," అంది లుడ్వీన. "భుజాల మీద. కాకపోతే ఇవాళ వీళ్ల భుజాలు నొప్పిగా ఉన్నాయి. రేపు కూడా నొప్పిగానే ఉంటాయి. బుధవారానికి తగ్గుతాయేమో, అప్పుడు రా."

కోంబ్రి గొంతు తగ్గించాడు. "అమ్మా, నా మాట విను. కోత నేను పెట్టలేదు. పైనుంచి వచ్చింది. నేను చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది."

అతను అబద్ధం ఆడడం లేదని లుడ్వీనకి తెలుసు. అందుకే గొంతు ఇంకా గట్టి చేసుకుంది.

"నీ ఉద్యోగం పోతే నువ్వు మీ ఊరెళ్లి దుంపలు నాటుకుంటావు. ఈ బడి పోతే పైలోయలో ఆడది కాన్పుకి చస్తుంది. రెండూ ఒకటేనా? పైవాళ్లకి చెప్పు, రోడ్డు మీద కాళ్లున్నాయి, దాటలేకపోయానని. అది అబద్ధం కూడా కాదు."

కోంబ్రి వెనక్కి తిరిగాడు. లారీ ఎక్కబోతూ, రేపు పోలీసులు వస్తారని మాత్రం చెప్పాడు. ఒంబా లారీ వెనక్కి తిప్పే ముందు కిటికీలోంచి వంగి మామగారి చేతిలోంచి దుంప అందుకున్నాడు. మర్యాద మర్యాదే.

శుక్రవారం పోలీసులు వచ్చారు, ఇద్దరు. కిందిలోయ జనం కూడా అనుకున్న రోజుకే దిగేసరికి గేటు ముందు కాలు పెట్టే చోటు లేదు. పైలోయవాళ్లు తెచ్చిన పందిని వేడి రాళ్ల గుంటలో ఉడకేశారు. పోలీసులు తిని, చేతులు కడుక్కుని, అందరికీ చెప్పి వెళ్లిపోయారు. లెక్క ఎవరిది తప్పు అనే తగువు మాత్రం ఆ నాలుగు రోజులూ తెగలేదు. మేము ముందు రాబట్టే బడి నిలిచింది, కాబట్టి మా లెక్కే ఒప్పు అని పైలోయవాళ్లు. దారి తప్పినవాడికి నిధి దొరికితే దారి ఒప్పయిపోతుందా అని కిందిలోయవాళ్లు. జనం వంతులేసుకుని మంగళవారం దాకా రోడ్డు మీదే ఉన్నారు.

కౌన్సిల్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు. సముద్రం వైపువాళ్లు, చలికి బిగుసుకుపోయారు. వాళ్లు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. మంచాలు లెక్కపెట్టారు, కాన్పు బల్ల కింద తడిమి చూశారు, పుస్తకాల అట్టలు తిప్పారు, పిల్లల్ని గుచ్చి గుచ్చి ప్రశ్నలడిగారు. కుళాయి కారుతుంటే రాసుకున్నారు. సాయంత్రానికి పెద్దామె వంటింట్లోకి వచ్చి లుడ్వీన ఎదురుగా నిలబడింది.

"సామాను ఉంది, చదువు బావుంది. కానీ జులై నుంచి తిండికి డబ్బు లేదని ఆఫీసు రాసింది. అరవై మంది పిల్లల్ని పస్తులుంచే బడికి నేను గుర్తింపు ఇవ్వలేను. ఎవరు పెడతారు వీళ్లకి?"

ఈ ప్రశ్న వస్తుందని స్కొలాస్తిక వారం రోజులుగా భయపడుతోంది. ఆమె నోరు తెరిచేలోగా లుడ్వీన కిటికీలోంచి కేకేసింది. "గండే! ఇటు రా. తోటల సంగతి ఈమెకి చెప్పు."

గండే వక్క ఉమ్మేసి వచ్చాడు. "మా పైలోయలో ఏడు వంశాలు, కిందిలోయలో తొమ్మిది. ఒక్కో వంశం ఒక్కో తోట బడి పేర వదిలేసింది. మొన్న శుక్రవారం అందరి ముందూ గట్టు మీద తంగెట్ నాటేశాం. ఇంక ఆ తోటలో దుంప ఎవడు తవ్వుకున్నా వాడితో మాట్లాడేవాడుండడు."

"దీన్ని కాయితం మీద ఏమని రాయను?" అంది పెద్దామె.

"తోట అని రాయండి," అంది లుడ్వీన. "పదహారు తోటలు. కావాలంటే పొద్దున్నే నడుద్దాం, చూపిస్తా. బూట్లు మార్చుకోండి."

మర్నాడు పెద్దామె నిజంగానే నడిచింది. నాలుగు తోటలు చూసి, అయిదోదానికి దారిలో జారి పడి, చాలు నమ్ముతానంది. అయిదేళ్ల గుర్తింపు ఇవ్వలేదు, రెండేళ్లకి ఇచ్చింది. కుళాయి బాగుచెయ్యాలని షరతు పెట్టింది. స్కొలాస్తిక ఆ కాయితం పట్టుకుని ఏడ్చింది. "రెండేళ్లేనమ్మా," అంది. లుడ్వీన మాత్రం, "రెండేళ్లంటే రెండు జట్ల నర్సులు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత కొట్లాడదాం," అంది.

నవంబరులో పట్నం ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి బడికి కాదు, లుడ్వీన పేర. ఆమెకి అక్షరాలు కూడబలుక్కునే ఓపిక లేక, రెండో సంవత్సరం పిల్ల బిబియానాని పిలిచి చదవమంది. బిబియానా ముందు తనలో తాను చదువుకుంది. మొహం ఎర్రబడింది.

"ఏముంది? గట్టిగా చదువు."

"వంటామె పోస్టు రద్దు చేశారట. డిసెంబరు ఒకటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదట. సంతకం కోంబ్రి."

వంటింట్లో ఉన్న నలుగురు పిల్లలూ చేతిలో పని ఆపేశారు. లుడ్వీన దుంపని నీళ్లలో ముంచి, తీసి, చెక్కు గీసింది.

"కాయితం తీసుకో. జవాబు రాయి. ఆఫీసరు కోంబ్రి గారికి. మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. కుళాయి బాగైంది. రాశావా?"

"రాశా."

"ఫిబ్రవరిలో కొత్త పిల్లలు నలభై మంది వస్తున్నారు. వాళ్లలో పైలోయ ఆడపిల్లలు ఇరవై ఇద్దరు. మా దగ్గర ఖాళీ కంచాలు ముప్ఫయ్యే ఉన్నాయి. జనవరిలోగా పది కంచాలు పంపించండి. రేకువి వద్దు, త్వరగా సొట్టలు పోతాయి."

బిబియానా పెన్ను ఎత్తి పట్టుకుంది. "అమ్మా, వాళ్లు రాసినదానికీ దీనికీ సంబంధం లేదు. పోస్టు గురించి ఏమీ అనలేదు నువ్వు."

"అన్నాను కదే. మళ్లీ చదువుకో," అంది లుడ్వీన. "కింద నా పేరు రాయి. పేరు పక్కన వంటామె అని కూడా రాయి. పెద్ద అక్షరాలతో."